ప్రదక్షిణ చేసిన శంఖం

ఈ మధ్య గుంటూరులో మేముండే ఫ్లాటులో వాసన పుట్టింది.

మొదట వంటింట్లో అనుకున్నారు. కోడలు ఫ్రిజ్ ఖాళీ చేసి, అరలన్నీ కడిగి, నిమ్మచెక్కలు పెట్టింది. తగ్గలేదు. అబ్బాయి బాత్‌రూమ్ జాలీ ఎత్తి టార్చి వేసి చూశాడు. ప్లంబరు వచ్చి, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇది పైపు వాసన కాదండీ, ఏదో చచ్చింది" అని చెప్పి వెళ్ళిపోయాడు. పక్క ఫ్లాటావిడ తలుపు సగం తెరిచి, "మీకూ వస్తోందా అండీ?" అని అడిగింది. మా ఇంట్లోంచే వస్తోందని ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. "వస్తోంది" అని మాత్రం అని తలుపు వేశాను.

తరవాత నా కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒకసారి గట్టిగా పీల్చాను. గుండె దడదడ కొట్టుకుంది. అసహ్యంతో కాదు, సంబరంతో. ఇన్నేళ్ళ తరవాత మళ్ళీ ఆ వాసన! ఉప్పూ, నీచూ, కుళ్ళూ కలిసి, వాటి వెనకాల ఎక్కడో లీలగా సముద్రం.

"పిల్ల స్కూలు బ్యాగు తెరవండి" అన్నాను.

మనవరాలు మూలన నిలబడి గౌను అంచు నములుతోంది. ఆదివారం వాళ్ళంతా వాడరేవు బీచికి వెళ్ళి వచ్చారు. బ్యాగులో, జామెట్రీ బాక్సు కింద, రుమాలులో చుట్టి ఉంది, పిల్ల పిడికెడంత నత్తగుల్ల. దాని నోటికి గోధుమరంగు మూత. మూత వెనకాల, పాపం, దాని సొంతదారు.

"ఛీ! కింద పారేసి రండి" అని కోడలు అరిచింది.

"పారేయటానికి వీల్లేదు. గిన్నెలో నీళ్ళు కాచు" అన్నాను.

"అత్తయ్యా, మనింట్లో గుడ్డు కూడా ఉడకబెట్టం!"

"ఇంతకంటే పెద్దది మీ మామగారి ఇంట్లో కాదు, మా పుట్టింట్లో, దేవుడి గదిలో కుళ్ళింది. ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది. కాచు."

మనవరాలు గౌను వదిలేసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది ప్రత్తిపాడు అవతల నల్లరేగడి ఊరు. ఊరి పేరూ మా ఇంటిపేరూ రాయను. తెలిసినవాళ్ళకు తెలుసు. తెలియనివాళ్ళకు చెప్పుకోవలసిన అవసరం మా వాళ్ళకు ఎప్పుడూ రాలేదు. ఒకప్పుడు ఆ ఊరి చేలలో సగానికి పైగా మావే. నాకు ఊహ తెలిసేసరికి ఒక మిరప చేనూ, ఒక చెక్క పత్తి పొలమూ, మేడా మిగిలాయి. మేడమీద గదికి కప్పు కూలితే బాగు చేయించలేదు. "గాలి బాగా వస్తోంది" అనేవారు తాతయ్య. మా నాన్న గుంటూరు మిరప యార్డులో గుమాస్తా పని చేసేవాడు. ఆ మాట తాతయ్య నోట ఏనాడూ రాలేదు. ఎవరైనా అడిగితే "పట్నంలో ఉంటున్నాడు" అనేవారు, కొడుకేదో షికారుకు వెళ్ళినట్టు.

అయితే భూమి పోయినా మాకొకటి మిగిలి ఉంది. మొదటి మిరప కోత మా శంఖంతో మొదలయ్యేది.

మిరప పండితే ఊరి గాలే మారిపోయేది. పొద్దున లేస్తే గొంతులో చిన్న గరగర. వీధిలో ఒకరు తుమ్మితే వరసగా పది ఇళ్ళు తుమ్మేవి. చేల గట్ల మీద నిలబడితే ఎర్రగా, ఎక్కడ చూసినా ఎరుపే, కళ్ళు నీళ్ళు కారేంత ఎరుపు. మా నాయనమ్మ పండుమిరపకాయలు తొక్కి, చింతపండూ ఉప్పూ వేసి కొరివికారం కలిపేది. వేడన్నంలో అంత కారం, మీద నెయ్యి పోసుకుని, ముక్కు ఎగబీలుస్తూ తినటం మాకు పండగ. అలా కాయ ఎర్రబడ్డాక, పెద్దలు ఒక రోజు అనుకునేవాళ్ళు. ఆ తెల్లవారుజామున తాతయ్య తలస్నానం చేసి, మేడ ఎక్కి శంఖం ఊదేవారు. అది వినపడ్డాకే కూలీలు ఊరవతలి పల్లెలోంచి కదిలేవాళ్ళు. ఎవరి చేను అయినా సరే, ఎంత పండి రాలుతున్నా సరే, శంఖం మోగకుండా ఒక్క కాయ తెంపేవాళ్ళు కాదు.

ఆ ఏడు కోతకు ముందు మా శంఖం పగిలింది. నాయనమ్మ చేతిలోంచి జారిందని తాతయ్య అనేవారు. తాతయ్య చేతిలోంచే జారిందని నాయనమ్మ అనేది. పాలలాంటి తెల్లటి శంఖం, మొన దగ్గర వెండి తొడుగు. పెద్దపెద్ద పెంకులైంది. తొడుగున్న ముక్కను గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచారు. బయటికి పొక్కకూడదని నాచేత ఒట్టు వేయించుకున్నారు.

నేను ఒట్టు తప్పలేదు. అయినా పొక్కింది. ఎదురు డాబా ఆసామి సాయంత్రం మా అరుగు దగ్గరికి వచ్చాడు. వాళ్ళ తాత మా ముత్తాత బండి తోలినవాడు. ఆ ముక్క మా ఇంట్లో రోజుకొకసారైనా వినపడేది. అప్పటికి ఊళ్ళో సగం చేలు వాళ్ళవి. మనిషి మాత్రం నెమ్మదస్తుడే. అరుగెక్కకుండా కిందే నిలబడ్డాడు.

"పంతులుగారూ, శంఖం పగిలిందని విన్నాను. మీరేం ఇబ్బంది పడొద్దు. పత్తి మిల్లులో పెట్టే సైరను ఒకటి తెప్పించాను. ఈ ఏడు నుంచి అది మోగిద్దాం."

"ఇబ్బందని నీకెవరు చెప్పారు?"

"అది కాదండీ, శంఖం లేదు గదా..."

"కొత్తది వస్తోంది" అన్నారు తాతయ్య.

ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు తెలుసు. ఎక్కణ్ణుంచీ రావటం లేదు.

డాబా ఆసామి తల గోక్కున్నాడు. "సరేనండీ. మోగితే మంచిదే, మా పెద్దలూ దాంతోనే బతికారు. మోగకపోతే మాత్రం, ఇక పై ఏడు నుంచి సైరనే అనుకుందాం. నలుగురూ అదే అంటున్నారు."

"అలాగే కానీ" అన్నారు తాతయ్య. అతను వెళ్ళాక నావైపు తిరిగి, "పొద్దున్నే లే. సముద్రానికి వెళుతున్నాం" అన్నారు.

సముద్రం! నేను అప్పటికి గుండ్లకమ్మ ఏరు కూడా చూడలేదు. రాత్రంతా పరికిణీ మడత పెట్టి తలకింద పెట్టుకుని పడుకున్నాను, నలగకుండా.

బస్సులు మారి మారి చీరాల వెళ్ళి, అక్కణ్ణుంచి జట్కాలో వాడరేవు చేరాం. ముందు వాసన వచ్చింది. ఇసక మీద చాపలు పరిచినట్టు వెండిరంగు చేపలు ఎండుతున్నాయి. తాతయ్య ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. అలా పెట్టుకుంటే ఆ వాసన తనను గెలిచినట్టని ఆయన లెక్క. నిటారుగా, పెళ్ళికి వెళుతున్నట్టు నడిచారు. నేను మాత్రం ఆయన చెయ్యి విడిపించుకుని పరుగో పరుగు. అంత నీరు! అది నా కాళ్ళ దగ్గరికి వచ్చి, పలకరించి, పారిపోయి, మళ్ళీ వచ్చింది. ఉప్పగా ఉంటుందని చెప్పినా నమ్మక చేత్తో తీసుకుని తాగాను. నమ్మాను.

పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న ఒకతన్ని తాతయ్య అడిగారు. అడిగారంటే, దుకాణంలో అడిగినట్టు. "శంఖం కావాలి."

అతను పడవలోకి వంగి, తడి గోనె కింద నుంచి ఒకటి తీశాడు. బండగా, గోధుమరంగు నూగుతో, పీచు తీయని కొబ్బరికాయలా ఉంది.

"నేను అడిగింది శంఖం" అన్నారు తాతయ్య.

అతను నవ్వి, కత్తి మొనతో ఒక చోట గీకాడు. నూగు కింద నుంచి తెలుపు మెరిసింది. "శంఖమేనండీ అయ్యగారూ. నిన్న వలలో పడింది, ఇంకా లోపల జీవముంది. రెండ్రోజులు ఆగితే బాగుచేసి, అన్నీ చూసి ఇస్తాను. పూజకా, ఊదటానికా?"

"అక్కర్లేదు. మా ఇంట్లో శంఖాలు కొత్త కాదు."

"అది కాదండీ, ఊదాలంటే..."

"మాకు తెలుసు" అన్నారు తాతయ్య. చెప్పింది ఇచ్చేశారు, బేరమాడలేదు. మా ఇంట్లో బేరమాడరు. ఆ మనిషి ఏదో చెప్పబోయి, నాకెందుకులే అన్నట్టు మళ్ళీ వల అందుకున్నాడు. మా తాతయ్యకు ఆ వాక్యం చివరిదాకా వినే ఓపిక ఉండి ఉంటే ఈ కథే లేదు.

తిరుగు బస్సులో శంఖం తడి తువ్వాలులో నా ఒళ్ళో ఉంది. ఎంత బరువో! మధ్యలో తువ్వాలు తప్పించి చూశాను. దానికి తలుపుంది! నల్లటి, గట్టి తలుపు. నేను చూస్తుండగానే అది కొంచెం తెరుచుకుంది. లోపలి నుంచి మెత్తనిది, చల్లనిది ఏదో వచ్చి నా వేలిని తడిమింది.

"తాతయ్యా! ఇది నా వేలు పట్టుకుంది!"

"శంఖం పట్టుకోదు. సరిగ్గా కూర్చో."

ముందు సీటు వాళ్ళు అప్పటికే లేచి వెనక్కి వెళ్ళారు. తాతయ్య కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు.

ఇంట్లో నాయనమ్మ హారతి పళ్ళెంతో ఎదురొచ్చింది. శంఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బరువుగా ఉందే, లోపల ఏముందిట?" అంది.

"నాదం" అన్నారు తాతయ్య.

దేవుడి గదిలో రాగిపళ్ళెంలో పెట్టి, పసుపూ కుంకుమా అద్దారు. కోత రోజు తెల్లవారేదాకా శంఖానికి పెదవి తగలకూడదని మా ఇంటి ఆనవాయితీ. కాబట్టి ఊది చూడటమనే ప్రశ్నే లేదు.

మర్నాడు పొద్దున దీపం పెట్టటానికి వెళ్ళిన నాయనమ్మ పెట్టిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఏవండోయ్! శంఖం లేదు!"

అందరం పరుగెత్తాం. పళ్ళెం ఖాళీ. నేల మీద తడి వెండిగీతలాంటి జాడ. పళ్ళెం దగ్గర మొదలై, దేవుడి మందసం చుట్టూ తిరిగి, మళ్ళీ ముందుకు వచ్చింది. ఆ గీత చివర, దీపపు కుంది పక్కన, బుద్ధిగా శంఖం.

నాయనమ్మ రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. "ప్రదక్షిణ చేసిందండీ! మన శంఖం ప్రదక్షిణ చేసింది!"

తాతయ్య వంగి ఆ గీత చూశారు. నెమ్మదిగా నిలబడ్డారు. అప్పటికే నిటారైన ఆ మనిషి ఇంకా ఒక బెత్తెడు పెరిగినట్టు నాకు అనిపించింది.

గంటలో ఊరంతా మా ఇంటి ముందుంది. కొబ్బరికాయలు, అరటిపళ్ళు, హారతి కర్పూరం. నాకు ఊపిరాడలేదు. ఎవరొచ్చినా నేనే చెప్పటం, గీత చూపించటం, "ఇక్కడ కాసేపు ఆగింది, దణ్ణం పెట్టుకోవటానికి" అని నా వంతు కలపటం. పల్లె వాళ్ళు మా గడప దాటే రోజులు కావవి. అందుకని తాతయ్య పళ్ళేన్ని స్వయంగా అరుగు మీదికి తెచ్చి చూపించారు. వాళ్ళందరికీ ముందు కూలి ముఠా పెద్ద, మేస్త్రమ్మ అనేవాళ్ళు అందరూ. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చిలో ముందు వరసలో కూర్చునేది. మిగతా రోజుల్లో ఊరి చేలన్నీ ఆమె నోటి మీద నడిచేవి.

"ఇట్టా నడిచొచ్చేది మా గుళ్ళో ఒక్కటీ లేదు పంతులుగారూ. ఆదివారం మమ్మల్నే లేపి నడిపించాల్సొస్తాది" అంది. అందరూ నవ్వారు. తాతయ్య కూడా మీసం కింద నవ్వారు.

డాబా ఆసామి కూడా కొబ్బరికాయతో వచ్చాడు. దణ్ణం పెట్టుకుని, "ఇక సైరనెందుకులెండి" అన్నాడు. ఆ పూట మా ఇంట్లో పాయసం.

అంత పుణ్యాత్మురాలైన శంఖాన్ని పొడిపళ్ళెంలో ఉంచటమేమిటని నాయనమ్మ రాగిబిందెలో బావినీళ్ళు పోసి, ఆవుపాలు కలిపి, తులసిదళాలు వేసి, అందులో దించింది. మంచినీళ్ళు దానికి విషమని మాకెవరికీ తెలియదు. ఉప్పునీళ్ళకు మేం మొహం చిట్లిస్తాం, అలాంటప్పుడు దానికి మాత్రం మంచినీళ్ళు ఎందుకు చేదవుతాయి అనుకున్నాం.

అది మళ్ళీ నడవలేదు.

తరవాత వాసన మొదలైంది. మొదట సన్నగా, పువ్వులు వాడినట్టు. తరవాత దేవుడి గది దాటి, నడవ దాటి, వంటింట్లోకి. అన్నానికి కూర్చుంటే కొరివికారం ఘాటు కూడా దాని ముందు నిలవలేదు. తాతయ్య నిటారుగా కూర్చుని ముద్ద కలుపుతూ, "గోంగూర పులిసినట్టుంది" అనేవారు. నాయనమ్మ గోంగూర పారబోసేది. మర్నాడు "పెరుగు" అనేవారు. పెరుగు వెళ్ళేది. కాలవలో ఎలుక చచ్చిందేమోనని కాలవంతా బాగుచేయించారు. దేవుడి గదిలోంచి వస్తోందని మాత్రం ఎవరూ అనరు. దర్శనానికి వచ్చినవాళ్ళు గడప దగ్గరే కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, చటుక్కున మొక్కి వెళ్ళేవాళ్ళు. ఎంత భక్తో అనేది నాయనమ్మ. ఆమె మాత్రం పూజకు వెళ్ళేముందు మా చేను పత్తి రెండు ఉండలు చేసి ముక్కుల్లో పెట్టుకునేది. మంత్రాలన్నీ జలుబు చేసిన గొంతుతో.

"నాయనమ్మా, దేవుడి దగ్గరే కదా వాసన?" అన్నాను ఒకరోజు.

"నోరు ముయ్యవే."

కోతకు రేపనగా, మధ్యాహ్నం, నాయనమ్మ పత్తి ఉండలు తీసి పారేసింది. చీర కొంగు నడుముకు దోపి, బిందె ఎత్తుకుని పెరట్లోకి వచ్చింది. తాతయ్య వసారాలో నిలబడి, "ఏమిటది?" అన్నారు.

"నాదం చచ్చింది" అంది నాయనమ్మ. "మీరు అటు తిరగండి. నలుగురిని కన్నదాన్ని, నాకు అసహ్యమేమిటి."

తాతయ్య నిజంగానే గోడవైపు తిరిగి నిలబడ్డారు. నాయనమ్మ స్నానాల పొయ్యి మీద నీళ్ళు మరిగించి, శంఖాన్ని అందులో వేసి తీసి, గోనెలు కుట్టే దబ్బనంతో ఆ జీవాన్ని మెలికలు మెలికలుగా బయటికి లాగింది. నీచు గడప దాటని ఇంట్లో! నేను పక్కనే గొంతుక్కూర్చుని ప్రతి మెలికా చూశాను. జీవితంలో అంత ఆనందంగా ముక్కు మూసుకున్నది లేదు. కరివేపాకు చెట్టు కింద గుంట తీసి పూడ్చాం. నాయనమ్మ దానికి కాసిని పాలు పోసింది. "తెలియక చేశాం తల్లీ" అంది. తరవాత చింతపండూ బూడిదా పెట్టి సాయంత్రందాకా తోమింది. గోధుమరంగు నూగంతా రాలిపోయి, లోపలి నుంచి శంఖం బయటపడింది. తెల్లగా, పెదవి దగ్గర లేత గులాబీ. ఇంటిల్లిపాదీ తలస్నానాలు చేశాం.

"అయిందా?" అన్నారు తాతయ్య, గోడవైపే చూస్తూ.

"అయింది. ఇక మీరు ఊదటమే."

కోత రోజు. ఇంకా మసక వెలుతురు, మంచు. మేడ మీద తాతయ్య, పట్టుపంచె, చేతిలో శంఖం. పక్కన నేను, చలికి వణుకుతూ, సంతోషంతో వణుకుతూ. కింద వీధిలో మామూలుగా ఎవరూ ఉండరు. శంఖం మోగాకే కదా వచ్చేది. ఆ ఏడు మాత్రం నడిచిన శంఖం మోగితే చూడాలని కూలీలందరూ ముందే వచ్చి నిలబడ్డారు. ఆడవాళ్ళు నడుముకు సంచులు కట్టుకుని, అన్నం గిన్నెలు చేతబట్టుకుని ఉన్నారు. ఎదురు డాబా మీద ఆసామి, పక్కన సైరను.

తాతయ్య కళ్ళు మూసుకుని, గుండె నిండా గాలి తీసుకుని, శంఖం మొన పెదవులకు ఆనించి ఊదారు.

ఏమీ లేదు.

మళ్ళీ ఊదారు. బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు తేలాయి. పెదవుల చప్పుడు తప్ప ఏమీ రాలేదు. తుడుచుకుని, మళ్ళీ. మళ్ళీ. ఆయన మొహం మా చేనంత ఎర్రగా అయింది. తెల్లవారిపోయింది. మంచు లేచిపోతోంది. కింద ఎవరో చంటిబిడ్డ ఏడ్చింది. నాకు ఏడుపొచ్చింది.

"ఎండెక్కుతోంది పంతులుగారూ" అన్నాడు డాబా ఆసామి, ఎదుటి మేడ మీద నుంచి, మెల్లగానే. తాతయ్య వినిపించుకోలేదు. అతను ఇబ్బందిగా చేతులు నలుపుకుని, సైరను పిడి తిప్పాడు. పెద్ద చప్పుడు. కాకులన్నీ లేచాయి.

కూలీలు సైరను వైపు చూశారు, మేడ వైపు చూశారు, చివరికి మేస్త్రమ్మ వైపు చూశారు. మేస్త్రమ్మ సైరను ఆగేదాకా ఆగింది. తరవాత తలెత్తి, చేలదాకా వినపడే గొంతుతో అంది.

"వినపడింది పంతులుగారూ! శంఖం వినపడింది! పదండే, మోగింది గదా, ఏంది ఇంకా నిలబడ్డారు?"

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు గాని, తలలు ఊపారు. "అవునవును, వినపడింది" అన్నారు ఒకరిద్దరు. నా గుండె ఎగిరి గంతేసింది. గట్టెక్కాం! ఊరు ఊరంతా విన్నామంటే ఇక డాబావాళ్ళు ఏమనగలరు?

"మోగలేదు."

తాతయ్య గొంతు అది. పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. వీపు నిటారుగా ఉంది.

"మోగలేదు. మోగని శంఖం మోగిందని మా ఇంటి ముందు ఎవరూ అనకూడదు."

మేస్త్రమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని పైకి చూసింది. ఆమెకు కోపం వచ్చిందని నాకు అర్థమైంది. సాయం చేయబోతే చెయ్యి విదిలించినట్టే కదా.

"అట్టాగా! అయితే మోగించండి. మేం కూర్చుంటాం. ఏమే, కూర్చోండే అందరూ. పంతులుగారి శంఖం మోగిందాకా లేచేది లేదు."

అందరూ మా వీధిలో దుమ్ములో చతికిలబడ్డారు.

"ఏందమ్మా ఇది! అవతల కాయ రాలిపోతోంది!" అన్నాడు డాబా ఆసామి.

"మీ కాయ యాడికి పోద్ది బాబూ? దానికి మాత్రం కాళ్ళున్నాయా, శంఖంలాగా నడవటానికి?"

నవ్వులు. నాకు మాత్రం ఒకటే ఆలోచన. పాతది మోగేది, కొత్తది ఎందుకు మోగదు? మెట్లు దూకి, బియ్యం డబ్బా మూత తీసి, పాత శంఖం మొన ముక్క పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. వెండి తొడుగుకు కన్ను ఆనించాను. తొడుగులోంచి గుండ్రంగా వీధి కనిపించింది. మేస్త్రమ్మ ముక్కుపుడక కనిపించింది! తొడుగు అందం కోసమని ఇంట్లో అందరం అనుకున్నాం. దాని లోపల శంఖం మొన కోసి ఉంది. పైకి పరుగెత్తి కొత్తదాన్ని తిప్పి చూశాను. మొన సూదిగా, గట్టిగా, నిండుగా ఉంది.

"తాతయ్యా! దీనికి కన్నం లేదు!"

ఎంత గట్టిగా అరిచానంటే ఎదురు డాబాకు కూడా వినపడింది. తరతరాలుగా శంఖం ఊదిన ఇల్లు. శంఖం కన్నంతోనే పుడుతుందనుకుంది.

కిందనుంచి ఒక నవ్వు లేచింది, దాని వెంట వీధంతా. డాబా ఆసామి పిట్టగోడ పట్టుకుని నవ్వాడు. నేను భయంగా తాతయ్య మొహంలోకి చూశాను. ఆయన మొనమీద బొటనవేలు పెట్టి చూసుకున్నారు. మెట్లు దిగి, సింహద్వారం ముందున్న రాతిబండ దగ్గరికి వెళ్ళి, చెంబుతో నీళ్ళు చల్లి, గుప్పెడు ఇసక వేసి, పట్టుపంచె మోకాళ్ళపైకి లాక్కుని, ఆ బండ ముందు గొంతుక్కూర్చున్నారు. అందరూ చూస్తుండగా శంఖం మొనను బండకేసి అరగదీయటం మొదలుపెట్టారు.

నవ్వు ఆగిపోయింది. ఆయన అలా నేలమీద వంగి కూర్చోగా ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

గర్, గర్ మని చప్పుడు. తెల్లటి పొడి, కాలిన కొమ్ములాంటి వాసన. కాసేపటికి సలహాలు మొదలయ్యాయి. "తిప్పి తిప్పి అరగదీయండి." "నీళ్ళు పొయ్యే పాపా." నీళ్ళు పోసే పని నాది. "మా వాడికి ఇవ్వండి పంతులుగారూ, కుర్రాడు, చిటికెలో చేస్తాడు" అంది ఒకామె. తాతయ్య తల అడ్డంగా ఊపారు. నాయనమ్మ గుమ్మంలోంచి మజ్జిగ అందించింది. తాగలేదు. ఎండ మా గోడ దిగి, వీధిలోకి వచ్చి, మేస్త్రమ్మ కాళ్ళ దాకా పాకింది. ఆమె కదల్లేదు. వాళ్ళలో కొందరు అన్నం గిన్నెలు విప్పి తినేశారు కూడా. చింతకాయ పచ్చడి వాసన, శంఖం పొడి వాసన, మిరప ఘాటు అన్నీ కలిసిపోయాయి. ఒక్కసారి మాత్రం తాతయ్య చేతులు ఆగాయి. నావైపు శంఖం చాపారు. నేను రెండు చేతులా పట్టుకుని నా బలమంతా పెట్టి అరగదీశాను. వేళ్ళు కొట్టుకుపోయాయి. చెప్పలేదు.

తిరిగి తీసుకుని ఇంకొంచెం అరగదీసి, పైకెత్తి, కన్ను ఆనించి చూశారు. ఆయన కంటిమీద చిన్న వెలుగుచుక్క పడింది.

మేడ ఎక్కలేదు. అక్కడే, బండ ముందు, మోకాళ్ళ నిండా తెల్లపొడితో లేచి నిలబడి ఊదారు.

పాత శంఖం గొంతు గంభీరంగా ఉండేది. దీనిది తప్పిపోయిన దూడ అరిచినట్టు, బొంగురుగా, మధ్యలో విరిగి, మళ్ళీ లేచింది. వీధి చివరదాకా వెళ్ళింది. చేల మీదికి వెళ్ళింది. నేను చెవులు మూసుకుని గంతులు వేశాను.

మేస్త్రమ్మ లేచి, చీర దులుపుకుని, తాతయ్యను ఎగాదిగా చూసింది.

"ఇప్పుడు వినపడింది" అంది.

"ఆ. ఇప్పుడు" అన్నారు తాతయ్య.

డాబా ఆసామి మేడ దిగి వచ్చి, కూలీల వెంట చేలవైపు నడిచాడు. సైరను మీద గోనె కప్పి ఉంది.

మరుసటి ఏడు ఆ గోనె తీశారు. ఎవరో తీయించలేదు, తాతయ్యే చెప్పి తీయించారు. ఆ ఎండాకాలం మా చివరి మిరప చేను కూడా చేతులు మారింది. నాయనమ్మ ఎంత చెప్పినా వినలేదు. "మనకు చేను లేని కోతకు మన శంఖమెందుకు" అన్నారు. ఊదమని మేస్త్రమ్మ వచ్చి అడిగింది. అప్పుడూ ఒప్పుకోలేదు. తరవాత మేడా పోయింది. ఇప్పుడక్కడ మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉంది. సైరనూ లేదు. కూలీలకు ఫోన్ చేస్తే ఆటోల్లో వస్తారట. మేడ పడగొట్టే రోజున నేను వెళ్ళి సింహద్వారం ముందు బండ అడిగాను. ఊరికే తీసుకెళ్ళమన్నారు. ఊరికే తీసుకోలేదు.

అది ఇప్పుడు మా బాల్కనీలో తులసికుండీ కింద ఉంది. కథ అయ్యాక కుండీ పక్కకు జరిపి మనవరాలికి చూపించాను. బండ మధ్యలో చిన్న గుంట. వేలు పెడితే సరిగ్గా సరిపోతుంది. మా తాతయ్య అరగదీసిన చోటు.

మా గిన్నెలో ఉడికి శుభ్రపడిన నత్తగుల్లను పిల్ల ఆ గుంటలో పెట్టి అరగదీయటం మొదలుపెట్టింది. నేను నీళ్ళు పోశాను. రోజూ బడి నుంచి రావటం, బాల్కనీలో కూర్చోవటం. కోడలు మొదట కసిరింది, తరవాత తనే ఇసక తెచ్చిచ్చింది. నిన్న సాయంత్రం పిల్ల గుల్లను ఎండకు ఎత్తి పట్టి, "కన్నం పడింది!" అని కేక పెట్టింది. బుగ్గలు పూరించి ఊదింది. ఇంకోసారి ఊదింది. మొహం ఎర్రబడేదాకా ఊదింది. సన్నగా గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

రొప్పుతూ నావైపు తిరిగింది. కళ్ళలో ఎంత ఆశో. "వినపడిందా నాయనమ్మా?"

వెనకాల గుమ్మంలో నిలబడ్డ కోడలు నాకు కళ్ళతో సైగ చేసింది, వినపడిందని చెప్పమని.

"లేదు" అన్నాను.

పిల్ల వీపు నిటారుగా చేసుకుని, బండ ముందు సర్దుకుని కూర్చుని, చెయ్యి చాపింది.

"అయితే నీళ్ళు పొయ్యి" అంది.